లెక్క తరువాతే కొలత
ఆచార్య సూరి భగవంతం శాస్త్రజీవితం: స్మారకోపన్యాస పాఠం

ఒక పదార్థం ధర్మాన్ని కొలవడానికి పూనుకునే ముందు భౌతికశాస్త్రజ్ఞుడు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ ధర్మాన్ని పూర్తిగా వర్ణించడానికి ఎన్ని సంఖ్యలు కావాలి? ఏ దిశలో చూసినా ఒకేలా ఉండే గాజుకు వక్రీభవన గుణకం, అంటే శూన్యంలో కాంతి వేగానికీ ఆ పదార్థంలో కాంతి వేగానికీ ఉన్న నిష్పత్తి, ఒక్కటి చాలు; కాల్సైట్ స్ఫటికానికి రెండు కావాలి; నెల్లూరు గనుల్లో దొరికే అభ్రకానికి మూడు కావాలి. ఆ సంఖ్యల విలువ ప్రయోగం చేస్తేగాని తెలియదు గాని, అవి ఎన్ని అన్నది మాత్రం పరికరం ముట్టుకోకముందే, స్ఫటికంలో పరమాణువులు అమరిన తీరులోని సౌష్ఠవాన్ని బట్టి కాగితం మీద తేల్చవచ్చు. ఆచార్య సూరి భగవంతం (1909–1989) శాస్త్రకృషిలో అత్యంత విలువైన భాగమంతా ఈ ‘ఎన్ని’ అనే ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయన పేరు చెప్పగానే ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారు అంటూ పదవుల వరుస చదవడం పరిపాటి. ఆ పదవులకు దక్కవలసిన గౌరవం దక్కింది, కొంచెం ఎక్కువగానే దక్కిందని కూడా అనవచ్చు. వాల్తేరులో కాగితం, పెన్సిలుతో సాగిన పనికి మాత్రం, స్ఫటిక భౌతికశాస్త్రం చదివినవారి మధ్య తప్ప, తెలుగునాట అంత గుర్తింపు రాలేదు.

భగవంతం 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించారు. గుడివాడలో పాఠశాల చదువు, హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రత పూర్తయ్యాయి. ఆ కళాశాల నిజాం రాజ్యంలో ఉన్నా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది కనుక, హైదరాబాదులో చదివిన తెలుగు విద్యార్థికి మద్రాసు పట్టా రావడం ఆనాడు వింతేమీ కాదు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితం, అంటే పదార్థాన్ని తాకి చెదిరిన కాంతిలో కొంత భాగం పౌనఃపున్యం మారడం, వెల్లడైంది. అదే సంవత్సరంలో భగవంతం కలకత్తా వెళ్లి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ వద్ద పరిశోధన మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

కలకత్తాలో వెలువడిన తొలి ఫలితాలలో ఒకటి కాంతికి కాక అయస్కాంతత్వానికి సంబంధించినది. నాఫ్తలీన్, అంటే బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండల పదార్థం, అయస్కాంత క్షేత్రంలో స్వల్పంగా వికర్షణకు గురవుతుంది. ఆ గుణాన్ని డయా అయస్కాంతత్వం అంటారు. స్ఫటికాన్ని తిప్పిన దిశను బట్టి ఈ వికర్షణ మారుతుందనీ, పలకలా చదునుగా ఉండే నాఫ్తలీన్ అణువు తలానికి లంబంగా అది ఎక్కువగా ఉంటుందని గ్రహిస్తే, స్ఫటికంలో అణువులు ఏ వాలుగా కూర్చున్నాయో అయస్కాంత కొలతల నుంచే ఊహించవచ్చనీ చూపిన భగవంతం వ్యాసం 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. మరుసటి సంవత్సరమే అదే సంస్థలో పనిచేస్తున్న కేదారేశ్వర్ బెనర్జీ ఎక్స్‌కిరణాల ద్వారా నాఫ్తలీన్ స్ఫటిక నిర్మాణాన్ని నిర్ణయించారు. ఒక ధర్మాన్ని కొలిచి దాని ద్వారా కంటికి కనిపించని అమరికను తెలుసుకోవడం ఇక్కడ జరిగింది. ఆ తరువాతి కాలంలో భగవంతం ఈ దారిలోనే ఎదురు దిక్కున నడిచి, అమరిక నుంచి ధర్మాన్ని రాబట్టే వైపు మళ్లారు.

1931లో రామన్‌తో కలిసి ప్రకటించిన కాంతికణ భ్రమణ పరిశోధన ఆయనకు తొలి పేరు తెచ్చింది. కాంతి శక్తిని ముద్దలుగా మోసుకుపోయే కణాల ప్రవాహమనీ, ఆ కణమే ఫోటాన్ అనీ అప్పటికి అంగీకారం కుదిరింది గాని, ప్రతి ఫోటానుకూ తనదైన కోణీయ ద్రవ్యవేగం, అంటే బొంగరానికి ఉండే తిరుగుడు పరిమాణం వంటిది, ఉంటుందా అన్నది ప్రయోగం చెప్పవలసిన విషయంగానే మిగిలింది. పరిక్షేపణంలో, అంటే అణువులను తాకి కాంతి చెదిరినప్పుడు, అణువు తన భ్రమణాన్ని మార్చుకుంటే చెదిరిన కాంతి పౌనఃపున్యం కొద్దిగా జరుగుతుంది, మార్చుకోకపోతే జరగదు. ఈ రెండు భాగాల ధ్రువణాన్ని, అంటే కాంతి కంపనాలు ఏ దిశకు కట్టుబడి ఉన్నాయో దాన్ని, విశ్లేషించి ఫోటానుకు ఒక ప్రమాణం భ్రమణం ఉందని రామన్, భగవంతం నిర్ధారించారు. ఇది పరోక్ష సాక్ష్యమే. వృత్తాకార ధ్రువణం గల కాంతి ఒక పలకను భౌతికంగా మెలితిప్పుతుందని అమెరికాలో బెత్ ప్రత్యక్షంగా కొలిచి చూపింది 1936లో. అయినా అయిదేళ్ల ముందే, చాలా తక్కువ పరికరాలతో, సరైన జవాబు చేతికందింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినా వాల్తేరులో దాని విజ్ఞానశాస్త్ర శాఖలు రూపుదిద్దుకున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న 1931–36 కాలంలో. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చిన భారీ విరాళంతో ఆయన పేరిట సైన్సు, టెక్నాలజీ కళాశాల వెలిసింది. 1932లో భగవంతం అక్కడ భౌతికశాస్త్ర ఉపన్యాసకులుగా చేరి, ముప్పై ఏళ్లు నిండకముందే ఆచార్య పదవినీ విభాగ బాధ్యతనూ అందుకున్నారు. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, వర్ణపటశాస్త్రంలో కె. రంగధామరావు వంటివారు కూడా ఉన్న ఆ ఆవరణలో, కలకత్తాతోనో బెంగళూరుతోనో పోల్చదగిన సామగ్రి లేకపోయినా, గణిత విభాగానికీ భౌతిక విభాగానికీ మధ్య రాకపోకలు మాత్రం ఉండేవి. భగవంతం జీవితంలో నిర్ణాయకమైన సహకారం ఆ రాకపోకల ఫలమే. ఆ సహకారి గణితజ్ఞుడు టి. వెంకటరాయుడు.

వారిద్దరూ కలిసి పట్టుకున్న పనిముట్టు సమూహ సిద్ధాంతం. ఒక వస్తువును కొంత కోణం తిప్పినా, అద్దంలో ప్రతిఫలింపజేసినా, కేంద్రం గుండా తలకిందులు చేసినా అది మునుపటిలాగే కనిపిస్తే ఆ చర్యను సౌష్ఠవ చర్య అంటారు. అటువంటి చర్యలలో ఏ రెండింటిని వరుసగా చేసినా ఫలితం మళ్లీ ఆ జాబితాలోని ఒక చర్యే అవుతుంది. ఈ విధంగా తమలో తాము పూర్తయ్యే చర్యల కూటమిని గణితజ్ఞులు సమూహం అంటారు. విడి అణువుల కంపనాలకు ఈ పద్ధతిని అంతకుముందే అన్వయించారు. స్ఫటికం విషయంలో చిక్కేమిటంటే, దానిలో పరమాణువులు లెక్కకు అందనన్ని, కంపనాలూ అన్నే. 1939లో భగవంతం, వెంకటరాయుడు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో ప్రకటించిన వ్యాసం ఈ చిక్కును విడదీసింది: స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న భాగాన్ని, అంటే ప్రాథమిక ఘటాన్ని తీసుకుని, ఘటం నుంచి ఘటానికి జరిగే స్థానచలనాలన్నింటినీ ఒకే చర్య కింద జమకట్టితే, మిగిలే చర్యలు పరిమిత సమూహంగా ఏర్పడతాయి, ఆ సమూహం ఆధారంగా ఏ కంపనాలు రామన్ వర్ణపటంలో రేఖలుగా కనిపిస్తాయో, ఏవి పరారుణ శోషణలో కనిపిస్తాయో, ఏవి రెండింటిలోనూ మౌనంగా ఉంటాయో ముందే చెప్పవచ్చు. స్ఫటిక వర్ణపటాలపై పనిచేసేవారు నేటికీ ఫాక్టర్ గ్రూప్ విశ్లేషణ అని పిలిచే పద్ధతి ఇదే.

కాల్సైట్ ఉదాహరణతో ఈ పద్ధతి ఇచ్చే జవాబు ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడవచ్చు. దాని ప్రాథమిక ఘటంలో రెండు కాల్షియం కార్బొనేట్ భాగాలు, మొత్తం పది పరమాణువులు ఉంటాయి. ఒక్కొక్కటీ మూడు దిశలలో కదలగలదు కనుక 30 కదలికలు. ఘటమంతా కలిసి జరిగే మూడింటిని తీసివేస్తే మిగిలేవి 27 కంపనాలు. వీటిలో కొన్ని సౌష్ఠవం వల్ల జంటలుగా ఒకే పౌనఃపున్యం కలిగి ఉండడంతో వేర్వేరు పౌనఃపున్యాలు 18కి తగ్గుతాయి. ఆ 18లో రామన్ వర్ణపటంలో కనిపించవలసినవి 5, పరారుణంలో 8, ఎందులోనూ కనిపించనివి 5. కాల్సైట్ రామన్ వర్ణపటంలో ప్రధాన రేఖలు నిజంగానే అయిదు. స్ఫటికాన్ని పట్టే దిశ మార్చి కాంతిని పంపితే ఈ రేఖలలో ఏది బలపడుతుంది, ఏది సన్నగిల్లుతుందన్నది కూడా ఇదే లెక్క చెబుతుంది. 1940లో భగవంతం కాల్సైట్‌పైనే ఆ పరీక్ష చేశారు. వజ్రానికి ఈ లెక్క మరీ సులభం: ఘటంలో రెండే పరమాణువులు, ఆరు కదలికలు, మూడు తీసివేస్తే మూడు కంపనాలు, ఆ మూడూ ఒకే పౌనఃపున్యంతో, కనుక రేఖ ఒక్కటే. సెంటీమీటరుకు 1332 అనే తరంగ సంఖ్య వద్ద కనిపించే ఆ ఒంటరి రేఖపై భగవంతం కలకత్తా రోజుల్లోనే, 1930లో, పనిచేసి ఉన్నారు.

అయితే ఆయన సౌష్ఠవ పరిశోధనలో అన్నిటికంటే సొగసైన ఘట్టం 1942లో వచ్చింది. పారదర్శకమైన స్ఫటికాన్ని ఒక దిశలో నొక్కితే దాని వక్రీభవన గుణకాలు కొద్దిగా మారతాయి. అంతవరకు అన్ని దిశలలో ఒకే గుణకం ఉన్న స్ఫటికం కూడా నొక్కుడు కింద ద్వివక్రీభవనం, అంటే కంపన దిశను బట్టి కాంతిని రెండు వేర్వేరు వేగాలతో పంపే గుణం, ప్రదర్శిస్తుంది. కాంతిస్థితిస్థాపకత అనదగిన ఈ ప్రభావానికి ఏ స్ఫటిక తరగతికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ పాకెల్స్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో పట్టిక కట్టారు. యాభై ఏళ్లపాటు ఆ పట్టికలనే పాఠ్యగ్రంథాలు అచ్చువేస్తూ వచ్చాయి. మూడు సమాన అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉండే ఘన వ్యవస్థ స్ఫటికాలన్నిటికీ అందులో మూడేసి స్థిరాంకాలు కేటాయించి ఉన్నాయి.

ఘన వ్యవస్థలో అయిదు తరగతులున్నాయి. అయిదింటిలోనూ ఘనం మూలకర్ణం చుట్టూ మూడో వంతు తిప్పితే మొదటి అక్షం రెండవదాని చోటికి, రెండవది మూడవదాని చోటికి, మూడవది మొదటిదాని చోటికి వెళతాయి. మూడు తరగతులలో దీనికి తోడు ఏవైనా రెండు అక్షాలను పరస్పరం తారుమారు చేసే చర్యలు కూడా ఉంటాయి. మిగిలిన రెండింటిలో అవి లేవు. మనం నీళ్లు తేర్చడానికి వాడే పటిక ఆ రెండింటిలో ఒక తరగతికే చెందింది. ఇప్పుడు మొదటి అక్షం వెంట స్ఫటికాన్ని నొక్కినట్లు భావిస్తే, రెండవ అక్షం వెంట కంపించే కాంతిపై పడే ప్రభావమూ, మూడవ అక్షం వెంట కంపించే కాంతిపై పడే ప్రభావమూ సమానం కావాలంటే రెండవ, మూడవ అక్షాలు పరస్పరం మార్చుకోదగినవై ఉండాలి. మొదటి మూడు తరగతులలో అవి మార్చుకోదగినవే. కనుక అక్కడ మూడు స్థిరాంకాలు చాలు. పటిక వంటి వాటిలో అవి సమానం కావలసిన అవసరమేమీ లేదు. అందువల్ల అక్కడ కావలసినవి నాలుగు. పాకెల్స్ పట్టిక ఈ రెండు తరగతులను తక్కిన మూడింటితో కలిపివేసింది. భగవంతం సమూహ సిద్ధాంతంతో లెక్కించి ఈ తేడాను బయటపెట్టడమే గాక, ఘన వ్యవస్థకు వెలుపల ఉన్న మరికొన్ని తరగతులలో కూడా పాత అంకెలను సవరించారు.

ఇంత తేలికైన పొరపాటు యాభై ఏళ్లపాటు ఎవరి కంటా పడకపోవడానికి కారణం లేకపోలేదు. స్థితిస్థాపకతలో, అంటే నొక్కితే వస్తువు ఎంత వంగుతుంది, ఎంత సాగుతుందన్న విషయంలో, అయిదు ఘన తరగతులకూ మూడు స్థిరాంకాలే సరిపోతాయి. అక్కడ వస్తువులో నిల్వ ఉండే శక్తి అనే పరిమాణం ఒకటి ఉండడం వల్ల, మొదటి అక్షం నుంచి రెండవదానికి చెందిన స్థిరాంకమూ రెండవ దాని నుంచి మొదటిదానికి చెందిన స్థిరాంకమూ ఎలాగూ సమానమవుతాయి. అక్షాల చక్రభ్రమణంతో కలిసి ఆ సమానత్వమే నాలుగో స్థిరాంకాన్ని మూడవదానిలో కలిపేస్తుంది. కాంతి ప్రభావంలో అటువంటి శక్తి నియమం లేదు. స్థితిస్థాపకతకు అలవాటుపడిన చూపు కాంతిస్థితిస్థాపకతకు కూడా అదే అంకెను సహజమనుకుంది. ఆ రెండు తరగతులలోని స్ఫటికాన్ని ఒకే అక్షం వెంట నొక్కుతూ కాంతిని ఒకసారి రెండవ అక్షం గుండా, మరోసారి మూడవ అక్షం గుండా పంపి ద్వివక్రీభవనం కొలిస్తే తేడా కనిపించి తీరాలి. తరువాతి కొలతలు ఆ తేడాను చూపాయి. ఒక మారుమూల కొత్త విశ్వవిద్యాలయంలో, యుద్ధకాలంలో, పరికరాల కొరత ఏమాత్రం అడ్డురాని సమస్యను ఎన్నుకోవడంలోనే సగం ప్రతిభ ఉంది.

పరికరాలతో చేసిన పని లేకపోలేదు, అది ఎల్లవేళలా ఇంత నిష్కళంకంగానూ లేదు. చెవికి అందని అతిధ్వని తరంగాలను స్ఫటికంలోకి పంపి వాటి వేగం నుంచి స్థితిస్థాపక స్థిరాంకాలను రాబట్టే పద్ధతిని భగవంతం, జె. భీమసేనాచార్ వాల్తేరులో అభివృద్ధి చేసి, 1946లో వజ్రం స్థిరాంకాలను రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ప్రకటించారు. వజ్రం వంటి అతి చిన్న, అతి గట్టి నమూనాపై అటువంటి కొలత సాహసమే. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన మెక్‌స్కిమిన్, బాండ్ మరింత సూక్ష్మంగా కొలిచినప్పుడు వాల్తేరు మూడు విలువలలో ఒకటి దాదాపు సరిగ్గానూ, ఒకటి కొంత తక్కువగానూ, మూడవది సుమారు మూడు రెట్లు ఎక్కువగానూ తేలాయి. సంఖ్యల విలువలో తప్పు దొర్లినా సంఖ్యల సంఖ్య మాత్రం ఆయన లెక్కలో తప్పలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

ఆయన గ్రంథాలు మూడు; వాటిలో రెండు వాల్తేరు కాలానివి. కాంతి పరిక్షేపణంపై రచన 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వెలువడింది. వెంకటరాయుడుతో కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వాల్తేరులోనే తొలి ముద్రణ పొంది, తరువాత రష్యన్‌లోకి అనువాదమై, 1969లో అకాడెమిక్ ప్రెస్ ద్వారా మళ్లీ అచ్చయింది. గణితజ్ఞుల కోసం రాసిన సమూహ సిద్ధాంత పుస్తకాలలో భౌతికశాస్త్ర విద్యార్థి ఊపిరాడక ఇబ్బందిపడే కాలంలో, అణువు కంపనం నుంచి మొదలుపెట్టి పట్టికలు కట్టే దాకా చెయ్యి పట్టి నడిపించిన పుస్తకం ఇది.

పదవుల కాలాన్ని క్లుప్తంగానే చెప్పవచ్చు. 1948లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా పనిచేసిన పిమ్మట ఉస్మానియాలో ఆచార్యులై, 1952 నుంచి 1957 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఉర్దూ మాధ్యమంలో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మళ్లిన తరువాతి సర్దుబాట్లు, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరణ ఆ అయిదేళ్లలోనివే. 1957 నుంచి 1962 వరకు బెంగళూరులో, ఒకప్పుడు తన గురువు రామన్ కూర్చున్న డైరెక్టర్ స్థానంలో ఉన్నారు. ఆయన తరువాత ఆ స్థానానికి వచ్చినవారు సతీశ్ ధావన్. 1961లో డి.ఎస్. కొఠారి నుంచి రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారు బాధ్యతను స్వీకరించి 1969 దాకా కొనసాగారు. ఆయన చేరేనాటికి మూడేళ్ల వయసున్న రక్షణ పరిశోధన సంస్థను 1962, 1965 యుద్ధాల కాలంలో నిలబెట్టడం చిన్న పని కాదు, అయినా దాని ఫలితాలు ఒక వ్యక్తి ఖాతాలో వేసి చూపగలిగేవి కావు. సత్యసాయిబాబా ప్రసంగాలకు ఆంగ్ల అనువాదకునిగా వేదికపై నిలవడం శాస్త్రలోకంలో కొందరికి మింగుడుపడలేదు. దాన్ని ఆయన దాచుకోనూ లేదు, శాస్త్రం పేరుతో కప్పిపుచ్చవలసిన అవసరం ఈనాటివారికీ లేదు. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఢిల్లీలో శాస్త్ర సలహాదారుగా ఉన్న కాలంలో కూడా ‘ఎన్ని’ అనే పాత ప్రశ్న ఆయనను వదల్లేదు. ఇనుము వంటి పదార్థాలలో ప్రతి పరమాణువూ చిన్న అయస్కాంతం వలె ఒక దిశను చూపుతుంది. ప్రధానంగా ఎలక్ట్రాన్ల భ్రమణం వల్ల పుట్టే ఆ దిశ, కాలాన్ని వెనక్కి తిప్పినట్లు ఊహిస్తే, తలకిందులవుతుంది. కనుక అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవంలో భ్రమణం, ప్రతిఫలనాలతో పాటు కాలవిపర్యయాన్ని కూడా ఒక చర్యగా లెక్కించాలి. అలా లెక్కిస్తే సాధారణ స్ఫటిక తరగతులు 32 ఉన్న చోట అయస్కాంత తరగతులు 90 ఏర్పడతాయి. వీటిలో ఏ తరగతికి ఏ ధర్మం ఉండవచ్చు, దానికి ఎన్ని స్థిరాంకాలు కావాలి అన్న లెక్కను భగవంతం, పి.వి. పంతులు 1964లో ప్రకటించారు. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై ఆయన మూడవ గ్రంథం వెలువడింది 1966లో; అప్పటికి ఆయన దేశ రక్షణ పరిశోధనకు అధిపతి. ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగానికి చెందిన టి.ఎస్. నరసింహమూర్తి 1981లో కాంతిస్థితిస్థాపక ధర్మాలపై ప్రకటించిన బృహద్గ్రంథంలో స్ఫటిక తరగతుల స్థిరాంకాలకు ఆధారమైనది, 1942లో వాల్తేరులో సవరణ పొందిన లెక్కే.